నూజివీటి మామిడిసీమలో శిశుక్రీడలు : అక్షరాభ్యాసమునకు పూర్వపు చదువు

మన విద్యాచరిత్రమును వ్రాసినవారు సామాన్యముగా వీధిబడితో ఆరంభింతురు. అందులకు కారణము లేకపోలేదు. 1822లో మద్రాసు గవర్నరు సర్ థామస్ మన్రో దేశీయ విద్యాస్థితిని గూర్చి కలెక్టర్లను వివరము లడిగెను. 1823లో బళ్ళారి కలెక్టరు కాంబెల్ పంపిన నివేదికలో హిందూబాలుర చదువు సాధారణముగా అయిదవయేట మొదలగునని యున్నది. మన యిండ్లలోని అక్షరాభ్యాస సంప్రదాయమునకు ఇది సరిపోవుచున్నది. కాని అయిదవయేటికి పూర్వము ఆ బిడ్డ ఇంటిముంగిట ఏమి నేర్చుచుండెనో కలెక్టరు అడుగలేదు. ఆయన తరువాత వ్రాసిన మన పండితులును అంతగా అడుగలేదు.

నిఘంటుకారుల తీరును ఇట్టిదే. గుజ్జెనగూళ్ళు, అచ్చనగండ్లు, ఓమనగుంటలు, దాగిలిమూతలు మున్నగు పదముల కెదుట 'బాలక్రీడావిశేషము' అనియో, దానికి సమానమైన మఱియొక మాటయో వ్రాసి ముందునకు సాగుట వారికి అలవాటు. పదము నిలిచినది, ఆట జాఱిపోయినది. ఎందఱు ఆడుదురు, ఎన్ని గింజలు, తప్పు జరిగినప్పుడు పెద్దవారేమందురు అను ప్రశ్నలకు నిఘంటువు బదులు చెప్పదు.

ఈ లోపమును ఒక చిన్నసీమను ఆధారముగా గొని పరిశీలింప దలచితిమి. నూజివీడు పూర్వము మేకావారి జమీందారీకి రాజధాని. 1948 నాటి మద్రాసు ఎస్టేటుల రద్దు శాసనముతో జమీందారీ అంతరించినను, చుట్టునున్న ఆగిరిపల్లి, ముసునూరు, చాట్రాయి, విస్సన్నపేట ప్రాంతముల మామిడితోటలు ఆ సీమకు పేరు నిలిపినవి. చిరకాలము కృష్ణాజిల్లాలో నున్న ఈ పట్టణము 2022 ఏప్రిల్ నుండి ఏలూరు జిల్లాలో చేరినది. దీనికి నైరృతిగా కొంతదూరమున కొండపల్లి యున్నది. అచటి తెల్లపొణికి కఱ్ఱబొమ్మలు, ఏనుగు అంబారీ, ఎడ్లబండి, తాడిచెట్టు నెక్కు గీతవాడు, కొనగలిగిన యిండ్లలో సంక్రాంతి బొమ్మలకొలువునకు చేరుచుండెడివి. కొనలేని యింట బిడ్డకు బొమ్మ లేదా? ఉన్నది; ఆ మాట ముందు చెప్పెదము.

కావ్యములలో లభించు సాక్ష్యమును మొదట చూతము. పోతన భాగవత దశమస్కంధమున రుక్మిణి బాల్యమును వర్ణించుచు, ఆమె బొమ్మల పెండ్లిండ్లు చేసినట్లును, గుజ్జెనగూళ్ళు వండించినట్లును, పూతీగలను పెంచినట్లును, బంతులాడినట్లును, చిలుకలకు చదువు చెప్పినట్లును వ్రాసెను. హంసవింశతిలో అయ్యలరాజు నారాయణామాత్యుడు ఆటల పేర్లను దీర్ఘమైన పట్టికగా కూర్చెను. సురవరము ప్రతాపరెడ్డిగారు ఆంధ్రుల సాంఘిక చరిత్రమున (1949) ఇట్టి పేర్లను ఏఱి చూపిరి. అందులో కొన్నిటి అర్థము నేటి వారికి తెలియదని వాపోయిరి. బిరుదురాజు రామరాజుగారి తెలుగు జానపద గేయ సాహిత్యము (1958) పిల్లల పాటలకు విశ్వవిద్యాలయ పరిశోధనలో గౌరవస్థానము కల్పించినది. అయినను అది పాటల పరిశోధన. పాట లేని ఆట, గింజయు గుంటయు మాత్రమే గల ఆట, ఇంకను ముంగిటనే మిగిలియున్నది.

ఆగిరిపల్లి సమీపమున ఒక యింటి అరుగుపై మేము చూచినదానిని ఇచట చెప్పవలెను. వృద్ధురా లొకతె నాల్గేండ్ల మనుమని ఎదుట వామనగుంటల పీటను పెట్టుకొని కూర్చుండెను. బాలునకు ఆట తెలియదు. అతని పని గుంటకొక చింతగింజ చొప్పున వేయుట మాత్రమే. ఒకచోట రెండు వేసెను. ఆమె తప్పనలేదు, చివరి గుంట ఖాళీగా మిగిలినప్పుడు దానిపై వ్రేలుంచి మిన్నకుండెను. బాలుడు వెనుకకు చూచి, రెండు పడిన గుంటనుండి ఒకటి తీసికొనివచ్చి అందు వేసెను. తరువాత ఆమె నాల్గు గింజలను కుప్పగా చేసి "ఇదేమిటి?" అని అడుగగా, లెక్కింపకయే "పుంజీ" యనెను. నాల్గింటి కూటమికి పుంజీ యని తెలుగున పేరు. వస్తువును లెక్కింపకుండ చూపుతోనే సంఖ్యను గ్రహించుటయు, ఒకదాని కొకటిగా పొందించుటయు గణితమునకు తొలిమెట్లని నేటి శిశుమనోవిజ్ఞానము చెప్పుచున్నది. ఇది మంచి చదువుకదా యని మేమనగా ఆ తల్లి నవ్వి, "చదువేమిటి బాబూ! అల్లరి చెయ్యకుండా కూర్చోబెట్టటానికి. కోడలు చూస్తే కాపీ పుస్తకం రాయించలేదని కోప్పడుతుంది" అనెను. గింజలను కొంగున ముడివైచుకొని ఆమె లోనికి పోయినది.

ఆ కోడలిని నిందించుటకు మాకు మనసొప్పదు. నాల్గేండ్లకే అక్షరములు వ్రాయవలెనని కోరు పాఠశాలలు ఆమె భయమునకు కారణము.

మామిడి విషయమునకు వత్తము. ఈ సీమబిడ్డ అక్షరములకు ముందు నేర్చునది వర్గీకరణము. పూత, పిందె, కాయ, దోరకాయ, పండు అను అయిదు దశలను చేతితో నొక్కియు, మూచూచియు గుర్తించును. పీల్చుకొని తిను రసములు వేఱు, కోసికొని తిను బంగినపల్లి వేఱు. రసములలో చిన్నరసము, పెద్దరసము, చెఱకురసము. ముక్కు వంకరగా నుండునది తోతాపురి, దానినే కలెక్టరు కాయ యందురు. తొడిమనుండి కాఱు సొన పెదవికి తగిలిన పొక్కునని ఒకసారి తగిలించుకొని నేర్చుకొనును. గాలివానకు రాలిన పిందెలే గుజ్జెనగూళ్ళకు సంబారములు. కొండపల్లి బొమ్మ లేనివానికి తాటికాయబుఱ్ఱలే బండి చక్రములు. పీల్చి యెండబెట్టిన టెంకయే బొమ్మ, దాని పీచే జుట్టు.

తోటలను గుత్తకు తీసికొన్న వర్తకుల క్రింద కాపలా కాయు కుటుంబములు వేసవిలో చెట్లక్రింది పాకలలో కాపురముండును. కొమ్మకు కట్టిన చీర యుయ్యెలలో చంటిబిడ్డ నిద్రించును. మూడేండ్లది ఆ యుయ్యెలను ఊపుచు ఆడును. అది ఆటయా, పనియా? కావ్యములు రాచబిడ్డల సౌధములలోని ఊయలలను వర్ణించినవిగాని ఈ యుయ్యెలను చూడలేదు. మన ఆధారములన్నియు ఒక వర్గపు ముంగిటనే నిలిచిపోయినవని పరిశోధకులు గుర్తింపవలెను.

అట్లే పూర్వపు ఆటలన్నియు మేలైనవని చెప్పుటయు సత్యము కాదు. బొమ్మల పెండ్లి ఆడుకొను బాలికకు కొలది యేండ్లలోనే నిజమైన పెండ్లి జరిగిన కాలము మన తాతముత్తవలది. 1929 నాటి శారదా శాసనము దానిని నిషేధింప వలసివచ్చినది. వియ్యపురాలి మాటలు, కట్నకానుకల తగవులు ఆ ఆటలోనే అభ్యాసమయ్యెడివి. ఈ దృష్టితో చూచినచో పోతన రుక్మిణి చిలుకలకు చదువు చెప్పుట మాకు విశేషముగా తోచును. వంట, పెండ్లిండ్ల ఆటల నడుమ ఆ బాలిక గురువు స్థానమున కూర్చున్నది. కవి దానిని అలంకారముగానే తలచెనేమో. అయినను బడియాట మన కావ్యములలో చోటు చేసికొన్న తావులలో ఇది యొకటి.

జర్మనీలో ఫ్రోబెల్ 1837లో బ్లాంకెన్‌బుర్గునందు శిశువుల సంస్థను స్థాపించి, 1840లో దానికి కిండర్‌గార్టెన్ అని పేరిడెను. భావనగరమున గిజుభాయి బధేకా 1920లో బాలమందిరమును తెఱచెను. 1939లో మాంటిస్సోరి మద్రాసునకు వచ్చి ఉపాధ్యాయులకు శిక్షణ మిచ్చెను. 1975 అక్టోబరు 2న సమగ్ర శిశు అభివృద్ధి పథకము మొదలై అంగన్‌వాడీ పల్లెకు చేరినది. 2023 ఫిబ్రవరిలో కేంద్రప్రభుత్వము ఆటవస్తువులు, బొమ్మలు, చిక్కుప్రశ్నలుగల 'జాదూయీ పిటారా' అను పెట్టెను విడుదల చేసినది. ఆటయే చదువని శాసనమంగీకరించుటకు ఇంతకాలము పట్టినది. కాని పెట్టెలోనికి చేరవలసిన ఆటల విధానము అరుగుపై కూర్చున్న వృద్ధుల చేతులలో నున్నది. మన పరిశోధక విద్యార్థులు పేర్లతో తృప్తిపడక, బిడ్డ వయస్సు, గింజల లెక్క, కూర్చున్న తీరు, తప్పునకు పెద్దవారిచ్చిన బదులు, ఇంటి వృత్తి, వీనినన్నిటిని వ్రాసికొనవలెను.

ఉదాహరణకు టెంకబూర. తొలకరికి పెంటపై పడియున్న టెంక పగిలి ఎఱ్ఱని మొలక వచ్చును. పై చిప్పను ఒలిచి లోని జీడిని తీసి, దాని అంచును గరుకుఱాతిపై ఏటవాలుగా రుద్దవలెను. రెండు బద్దల నడిమి సందు కనబడగానే ఆపి ఊదిన కీచుమని పలుకును. వంగదేశమునను ఇదే ఆట కలదు. విభూతిభూషణ్ పథేర్ పాంచాలీకి బాలుర కొఱకు వెలసిన సంక్షిప్తరూపమునకు మామిడిటెంక బూరయే పేరు, దానికి బొమ్మలు గీసినవాడు సత్యజిత్ రాయ్. నూజివీటి బిడ్డకు ఆ సంగతి తెలియదు. కాస్త ఎక్కువ రుద్దిన సందు పెద్దదై పలుకదు; అపుడు దానిని పాఱవైచి మఱియొక మొలక కొఱకు పెంటను వెదకును.