నౌకాధిపతి, బస్సు దారి

కృష్ణపట్నం రేవున నిలిచి చూస్తే ముందు సముద్రం, వెనుక నెల్లూరికి పోయే బస్సు దారి. ఈ రెండింటికీ పెద్దరికం వహించిన తెలుగువారొకరున్నారు. ఆయన వైస్ అడ్మిరల్ రామ్‌దాస్ కటారి.

1911లో చెంగల్పట్టులో జన్మించిన కటారి, 1927లో బొంబాయిలో ‘డఫరిన్’ శిక్షణ నౌకలో చేరిన తొలి జట్టులోనివారు. ఆనాడు పెద్ద ఓడలపై ఆజ్ఞాధికారం తెల్లదొరలదే. స్వాతంత్ర్యానంతరం సైన్యానికి 1949లో, వైమానిక దళానికి 1954లో భారతీయులు అధిపతులైనారు. నౌకాదళం మాత్రం 1958 ఏప్రిల్ 22 వరకు వేచివుండవలసి వచ్చింది. ఆనాడు ఆ పీఠమెక్కినవారు కటారి. ఆయన హయాంలోనే, 1961లో, ‘విక్రాంత్’ దళంలో చేరింది. గోవా విముక్తి జరిగింది.

1962లో పదవీ విరమణ చేశారు. అనంతరం ఆంధ్రప్రదేశ్ రోడ్డు రవాణా సంస్థకు అధ్యక్షులైనారు. యుద్ధనౌకలెక్కడ, బస్సు డిపోలెక్కడ అని కొందరికి తోచవచ్చు. వేళకు బయలుదేరడం, యంత్రం చెడకుండా చూసుకోవడం, ఎక్కినవారిని క్షేమంగా దించడం రెండుచోట్లా ఉన్న పనే కదా! అంతటి పదవి చూసినవారు దీనిని చిన్నతనంగా ఎంచకపోవడమే నాకు ఘనంగా తోస్తుంది. 1964 నుండి 1969 వరకు బర్మాలో మన రాయబారిగా పనిచేశారు. 1983లో కన్నుమూశారు.

ఆయన అల్లుడు లక్ష్మీనారాయణ రామదాస్ 1990లో అదే పీఠమెక్కారు. విరమించిన పిదప భారత పాకిస్తాన్ మైత్రికై పాటుపడి, 2004లో మెగసెసే పురస్కారం అందుకొన్నారు.