రైలు ఆగేది కాదు.. మరి ఉత్తరాల సంచి ఎలా ఎక్కేది? ఎలా దిగేది?

మీ ఊరి స్టేషన్‌లో ఎక్స్‌ప్రెస్ ఆగదు. అప్పుడేం చేస్తారు? ఎంపీకి వినతిపత్రం ఇస్తారు. డీఆర్‌ఎంను కలుస్తారు. అప్పటికీ కదలిక లేకపోతే 'హాల్టు ఇవ్వాల్సిందే' అంటూ ప్లాట్‌ఫామ్ మీద బైఠాయిస్తారు. రైల్వే వాళ్ల జవాబు మాత్రం ఎప్పుడూ దాదాపు ఒకటే. అడిగిన ప్రతి ఊళ్లోనూ ఆపుకుంటూ పోతే అది ఎక్స్‌ప్రెస్ ఎలా అవుతుంది?

ఈ పేచీ రైలు పుట్టిన కొత్తలోనే మొదలైంది. అప్పట్లో మనుషులతో పాటు ఉత్తరాలకూ ఇదే సమస్య. రైలు వేగంగా పోవాలి, దారిలోని చిన్న ఊళ్ల టపా కూడా అందులో ఎక్కాలి, దిగాలి. మనుషుల సంగతి ఇప్పటికీ తేలలేదు కానీ, ఉత్తరాలకు మాత్రం 1830ల్లోనే ఒక దారి దొరికింది. రైలును ఆపకుండానే సంచిని అందుకోవడం, ఆపకుండానే దించడం. బ్రిటన్‌లో 130 ఏళ్లకు పైగా రోజూ రాత్రిపూట ఈ పని జరిగింది. అమెరికాలోనూ దశాబ్దాల పాటు నడిచింది.

ఇంతకీ అంత తొందర దేనికి?

ఈరోజు మీరు స్పీడ్ పోస్ట్ ట్రాకింగ్ చూస్తే కవరు ఫలానా హబ్‌కు చేరిందని ఒక లైను, అక్కడి నుంచి బయల్దేరిందని ఇంకో లైను కనిపిస్తాయి. ఈ రెండింటి మధ్య కొన్ని గంటలు, ఒక్కోసారి రాత్రంతా గడిచిపోతుంది. ఆ సమయంలో జరిగే పని సార్టింగ్. అంటే ఏ కవరు ఏ ఊరికి పోవాలో చూసి వేరుచేయడం.

ఆ పనిని రైల్లోనే చేస్తే? ప్రయాణించే సమయమే పనివేళ అవుతుంది. రైలు గమ్యం చేరేసరికి సంచులు ఊళ్ల వారీగా సిద్ధంగా ఉంటాయి. 1838 జనవరిలో బ్రిటన్‌లోని బర్మింగ్‌హామ్, లివర్‌పూల్ మధ్య దీన్ని మొదటిసారి పరీక్షించారు. ఫ్రెడరిక్ కార్‌స్టాట్ అనే తపాలా అధికారి ఇచ్చిన సలహా అది. గుర్రాలను తరలించే బండినే మార్చి అందులో గుమాస్తాలను కూర్చోబెట్టారు. ప్రయోగం ఫలించింది. పట్టాల మీద తిరిగే పోస్టాఫీసు పుట్టింది.

చిక్కు ఆ తర్వాత వచ్చింది. దారి పొడవునా ఉన్న చిన్న ఊళ్ల సంచులను ఎక్కించుకుంటేనే ఈ పోస్టాఫీసుకు ఫలితం. ఒక్కో ఊళ్లో రెండు నిమిషాలు ఆపితే పోయేది ఆ రెండు నిమిషాలే కాదు. ఆవిరి ఇంజన్ వేగం తగ్గడానికి కొంత సమయం, మళ్లీ అందుకోవడానికి అంతకంటే ఎక్కువ సమయం పట్టేది. పది ఊళ్లు కలిస్తే రైలు గంట ఆలస్యం.

సంచి రైల్లోకి ఎలా వచ్చేదంటే..

పట్టాల పక్కన ఒక స్తంభం ఉంటుంది. దాని చేతికి మందపాటి తోలు సంచిని వేలాడదీస్తారు. ఉత్తరాలున్న బ్యాగులు ఆ తోలు సంచి లోపల ఉంటాయి. స్తంభం చేయిని పట్టాల వైపు తిప్పి ఉంచి తపాలా మనిషి పక్కకు తప్పుకుంటాడు.

రైలు పెట్టె పక్కగోడకు ఇనుప చట్రంలో బిగించిన పెద్ద వల మడిచి ఉంటుంది. సమయం రాగానే లోపలి గుమాస్తా లివర్ లాగుతాడు, వల బయటికి తెరుచుకుంటుంది. వల నోటి దగ్గరి తాడు సంచి పట్టీకి తగలగానే స్తంభం మీది క్లిప్పు వదిలేస్తుంది. సంచి వలలో పడి, అక్కడి నుంచి పెట్టెలోకి దొర్లుతుంది. పడే చోట ఎవరూ నిలబడరు.

దించేటప్పుడు ఇదే పని తిరగబడుతుంది. ఈసారి వల నేల మీద, పట్టాల పక్కన ఉంటుంది. రైలు పెట్టె తలుపు దగ్గరున్న ఇనుప చేతికి సంచిని తగిలించి బయటికి వాలుస్తారు. నేల మీది వల దాన్ని రాల్చుకుంటుంది. ఒకే చోట, కొన్ని క్షణాల తేడాతో, ఎక్కించడం, దించడం రెండూ అయిపోయేవి.

వినడానికి తేలిగ్గానే ఉంది కదా? ఒక చిన్న లెక్క వేద్దాం. రైలు గంటకు 100 కిలోమీటర్ల వేగంతో పోతోందనుకోండి. కదలకుండా వేలాడుతున్న 25 కిలోల సంచి, దాదాపు రెప్పపాటులో ఆ వేగాన్ని అందుకోవాలి. అదే బరువున్న బియ్యం బస్తాను సుమారు 13 అంతస్తుల పైనుంచి వదిలితే నేలను తాకేది కూడా దాదాపు ఇదే వేగంతో. సంచికి అంత మందమైన తోలు ఎందుకు వాడారో ఇప్పుడు అర్థమవుతుంది.

ఈ పరికరం వెనక ఒక పేటెంట్ కథ కూడా ఉంది. రైలు పెట్టెలు తయారుచేసే నథానియల్ వర్స్‌డెల్ 1838లోనే ఇలాంటి యంత్రానికి పేటెంట్ తీసుకున్నారు. ధర దగ్గర తపాలా శాఖకు, ఆయనకు బేరం కుదరలేదు. శాఖ తన ఉద్యోగి జాన్ రామ్‌సే తయారుచేసిన పరికరంతో పని మొదలుపెట్టింది. తర్వాత జాన్ డిక్కర్ మెరుగైన నమూనా చేసినా, 1852లో వర్స్‌డెల్ పేటెంట్ గడువు తీరాకే అది విస్తృతంగా వాడుకలోకి వచ్చింది. ప్రభుత్వ శాఖలు బిల్లు దగ్గర బిగదీయడం అప్పుడూ ఉందన్నమాట. 20వ శతాబ్దం మొదట్లో బ్రిటన్‌లో ఇలా సంచులు మార్చుకునే చోట్లు రెండు వందలు దాటాయి.

అమెరికాలో వల లేదు, కొక్కెం ఉంది

అమెరికాలో రైల్లో సార్టింగ్ 1864లో శాశ్వత సర్వీసుగా మొదలైంది. చికాగో నుంచి అయోవా రాష్ట్రంలోని క్లింటన్ వరకు నడిచిన దారి అది. ఆ దేశంలో ఊళ్లు దూరదూరంగా ఉంటాయి. చాలా చోట్ల స్టేషనంటే ఒక గది, ఒక చెక్క ప్లాట్‌ఫామ్, అంతే. అందుకే వాళ్ల పరికరం ఇంకా సాదాగా ఉంటుంది.

పట్టాల పక్కన క్రేన్ లాంటి స్తంభానికి పైన ఒక చేయి, కింద ఒక చేయి. సంచిని రెండింటి మధ్య బిగించి కడతారు. ఉత్తరాలను పైకి సగం, కిందికి సగం సర్ది నడుము దగ్గర పట్టీతో బిగిస్తారు. అచ్చం డమరుకంలా ఉంటుంది. రైలు పెట్టె తలుపుకు అడ్డంగా ఉన్న ఇనుప కొక్కేన్ని గుమాస్తా సరైన క్షణంలో బయటికి తిప్పుతాడు. అది సంచి నడుమును పట్టి లాక్కుంటుంది. సంచి పోగానే క్రేన్ పై చేయి పైకి లేస్తుంది, కింది చేయి కిందికి వాలుతుంది.

మరి దించడానికి? కాలే. ఆ ఊరికి దించాల్సిన సంచిని గుమాస్తా తలుపు దగ్గర పెట్టుకుని బలంగా తన్నేవాడు. ఆ తన్ను సరిగ్గా పడకపోతే సంచి గాలి లాగుడుకు చక్రాల కిందికి పోయేది. చిరిగిన ఉత్తరాలు రైలు వెంట తెల్లగా ఎగిరేవి. గుమాస్తాలు దానికి 'మంచు తుపాను' అని పేరు పెట్టుకున్నారు. నవ్వుకోవడానికి బాగానే ఉంది కానీ, అందులో ఎవరి మనియార్డరు ఉందో, ఎవరింటి చావు కబురు ఉందో ఆలోచిస్తే నవ్వు రాదు.

చీకట్లో ఆ చోటు ఎలా తెలిసేది?

నన్ను అడిగితే ఈ మొత్తం వ్యవహారంలో అసలు పనితనం ఇక్కడే ఉంది. టపా రైళ్లు ఎక్కువగా రాత్రిపూట నడిచేవి. గుమాస్తా చేతిలో మ్యాప్ లేదు, జీపీఎస్ లేదు. వలను ముందే తెరిస్తే అది ఏ వంతెన గోడకో, సిగ్నల్ స్తంభానికో తగులుతుంది. ఆలస్యంగా తెరిస్తే సంచి వెనకే ఉండిపోతుంది.

కాబట్టి చెవులతో పని చేసేవాళ్లు. వంతెన మీద రైలు మోత ఒకలా ఉంటుంది, కోత గట్ల మధ్య ఇంకోలా ఉంటుంది. పట్టాల అతుకుల మీద చక్రాలు చేసే టకటక శబ్దాన్ని లెక్కపెట్టేవాళ్లు. బ్రిటన్ తపాలా శాఖ చిత్ర విభాగం 1936లో తీసిన 'నైట్ మెయిల్' అనే డాక్యుమెంటరీలో ఇది స్పష్టంగా కనిపిస్తుంది. ఒక సీనియర్, కొత్త కుర్రాడికి పని నేర్పుతుంటాడు. రెండు వంతెనలు దాటాక నలభై అయిదు చప్పుళ్లు లెక్కపెట్టి అప్పుడు లివర్ లాగాలి. ఆ సినిమా సుమారు 25 నిమిషాలే. సంచులు వలలో పడే దృశ్యాన్ని ఒక్కసారి చూస్తే, ఇక్కడ నేను ఇన్ని పేరాల్లో చెప్పింది అరక్షణంలో అర్థమవుతుంది.

వేగం ఖరీదు కొందరి ప్రాణాలు కూడా. 1903 సెప్టెంబరు 27న అమెరికాలోని వర్జీనియా రాష్ట్రం డాన్‌విల్ దగ్గర ఒక టపా రైలు వంతెన మీద పట్టాలు తప్పి కింద పడింది. 11 మంది చనిపోయారు, వారిలో పోస్టల్ గుమాస్తాలు ఉన్నారు. రైలు అప్పటికే ఆలస్యంగా నడుస్తోంది. టపా ఆలస్యమైతే రైల్వే కంపెనీ జరిమానా కట్టాలన్న షరతు కాంట్రాక్టులో ఉంది.

మన దగ్గర ఏం జరిగింది?

రైల్లో సార్టింగ్ మన దేశంలో 1863లో అలహాబాద్, కాన్పూర్ మధ్య మొదలైంది. అదే క్రమంగా రైల్వే మెయిల్ సర్వీస్ అయింది. విజయవాడ, హైదరాబాద్, విశాఖపట్నం, గుంతకల్ కేంద్రాలుగా ఆర్‌ఎంఎస్ డివిజన్లు ఉన్నాయి. స్టేషన్ పక్కన 'ఆర్‌ఎంఎస్' అన్న బోర్డు చూసి అదేంటని అనుకుని ఉంటారు. అదే ఇది. హౌరా–చెన్నై మెయిల్ లాంటి పేర్లలో ఉన్న 'మెయిల్' కూడా ఈ టపాయే.

అయితే మన దగ్గర సంచులు ప్రధానంగా రైలు ఆగినప్పుడే ఎక్కేవి, దిగేవి. ఆగకుండా అందుకోవడం మనవాళ్లు చూసింది వేరే వస్తువు విషయంలో. మీ తాతయ్యనో, రైల్వేలో పనిచేసిన పెదనాన్ననో అడిగి చూడండి. సింగిల్ లైన్ ఉన్న రోజుల్లో ముందున్న లైను ఖాళీగా ఉందనడానికి గుర్తుగా డ్రైవర్‌కు టోకెన్ ఇచ్చేవాళ్లు. ఆగని రైలైతే ఆ టోకెన్‌ను పెద్ద రింగుకు కట్టి ప్లాట్‌ఫామ్ మీద ఒకరు ఎత్తి పట్టుకునేవారు. ఇంజన్‌లోని మనిషి చేయి చాపి ఆ రింగును భుజానికి తగిలించుకునేవాడు, పాత రింగును వదిలేసేవాడు. ఉత్తరాల సంచి కంటే ఇది చాలా తేలిక కాబట్టి చేతులతోనే కుదిరింది. ఆలోచన మాత్రం ఒకటే.

బాగా పనిచేసేదాన్ని ఎందుకు తీసేశారు?

పరికరం పాడైపోయి కాదు, దాని చుట్టూ ఉన్న ఏర్పాటు మారిపోయి. లారీలు వచ్చాయి, విమానాలు వచ్చాయి. సార్టింగ్ యంత్రాలు వచ్చాయి. అవి రైలు పెట్టెలో పట్టవు, వాటికి పెద్ద భవనం కావాలి. అంతకుముందు గుమాస్తాలు వేల ఊళ్ల పేర్లను, ఏ ఊరికి ఏ దారిలో పంపాలో కంఠతా పట్టేవాళ్లు. 1963లో అమెరికాలో జిప్ కోడ్ వచ్చాక ఆ జ్ఞాపకశక్తితో పని తగ్గింది. మన పిన్ కోడ్ 1972 ఆగస్టు 15న వచ్చింది.

అమెరికాలో దెబ్బ ఇంకాస్త గట్టిగా తగిలింది. 1967లో తపాలా శాఖ చాలా రైళ్లలో టపా కాంట్రాక్టులను రద్దుచేసింది. టికెట్ల డబ్బుతో నడవని ఎన్నో ప్యాసింజర్ రైళ్లు అప్పటిదాకా టపా ఆదాయంతోనే బతుకుతున్నాయి. అది పోగానే కంపెనీలు ఆ రైళ్లనూ ఆపేశాయి. అంటే చిన్న ఊళ్ల వాళ్లకు ముందు టపా వేగం పోయింది, వెనకే రైలు కూడా పోయింది. రైల్లో సార్టింగ్ చేసే చివరి సర్వీసు న్యూయార్క్, వాషింగ్టన్ మధ్య 1977 జూన్ 30న ముగిసింది.

బ్రిటన్‌లో నడుస్తున్న రైలు చివరిసారి సంచిని మార్చుకున్నది 1971 అక్టోబరు 4న, పెన్రిత్ అనే ఊరి దగ్గర. రైల్లో సార్టింగ్ మాత్రం ఆగి ఆగి సంచులు ఎక్కించుకుంటూ 2004 జనవరి దాకా సాగింది. మన దేశంలో నడిచే రైళ్లలో సార్టింగ్ 1980ల్లో ఆగిపోయింది. ఆర్‌ఎంఎస్ కార్యాలయాలు మాత్రం స్టేషన్ల దగ్గర పని చేస్తూనే ఉన్నాయి. మామూలు పోస్టాఫీసు మూసేశాక కూడా స్పీడ్ పోస్ట్ తీసుకునే కౌంటర్లు వాటిలో కొన్ని చోట్ల ఉన్నాయి. అర్జెంటు కవరు ఉంటే మీ దగ్గరి కౌంటర్ వేళలు కనుక్కుని పెట్టుకోండి.

ఇప్పుడు చూడాలంటే?

మీవాళ్లెవరైనా ఇంగ్లండ్‌లో ఉంటే ఆక్స్‌ఫర్డ్ దగ్గరి డిడ్‌కాట్ రైల్వే సెంటర్ గురించి చెప్పండి. పాత పరికరాన్ని బాగుచేసి, ఆవిరి రైలుతో సంచి పట్టే ప్రదర్శనలు చేస్తుంటారు. లెస్టర్‌షైర్‌లోని గ్రేట్ సెంట్రల్ రైల్వేలోనూ ఇవి జరుగుతాయి. అన్ని రోజులూ ఉండవు కాబట్టి వెళ్లేముందు తేదీలు చూసుకోవాలి.

వర్జీనియా, మేరీలాండ్ వైపు బంధువులున్నవాళ్లకు ఇంకా సులువు. వాషింగ్టన్‌లో యూనియన్ స్టేషన్ పక్కనే జాతీయ తపాలా మ్యూజియం ఉంది. 1880ల చివర్లో న్యూయార్క్ రాష్ట్రంలోని ఆల్బనీ పోస్టాఫీసులో చేరి, టపా సంచుల వెంట రైళ్లలో దేశమంతా తిరిగిన ఓనీ అనే కుక్క రూపాన్ని అక్కడ భద్రపరిచారు. ఎక్కడికి వెళ్తే అక్కడి గుమాస్తాలు దాని మెడలో ఒక బిళ్ల కట్టేవాళ్లు. పిల్లలను తీసుకెళ్తే ముందు దాని దగ్గరికే పరిగెత్తుతారు.