లాగుడు మోకు నేర్పిన పాఠము

విజయవాడలో ప్రకాశం బ్యారేజి మీద నిలుచుండి చూచిన వారికి కృష్ణానది కాలువలుగా చీలిపోవుట కనిపించును. ఎడమ వైపున ఏలూరు కాలువ, బందరు కాలువ, రైవస్ కాలువ పట్టణము నడుమ నుండి సాగిపోవును. కుడి వైపున సీతానగరము వద్ద పడమటి డెల్టా కాలువ బయలుదేరును. పొలములకు నీరు చేర్చు సాధనములుగానే ఈ కాలువలు నేడు అందరికిని తెలియును. కాని ఒకప్పుడు ఇవి ఈ సీమకు రహదారులు కూడ. గాలి అనుకూలించినపుడు పడవలు తెరచాపతో సాగెడివి. గాలి పడిపోయినపుడు వాటిని కదలించినది గట్టు మీద నడచు మనిషి భుజము, ఆ భుజమునకు తగిలించుకొన్న మోకు.

ఒక వాహనము వెనుక మరొక దానిని కట్టి లాగుకొనిపోవుట చూచుటకు చాల సులభమైన పని. దాని చరిత్రను పరిశీలించినచో ఒక సంగతి తేటపడును. లాగుటలో పెద్ద చిక్కు ఎన్నడును లేదు. లాగబడుచున్న దానిని త్రోవలో నిలుపుటలోను, వలసినపుడు ఆపుటలోను చిక్కంతయు ఉన్నది. నూరు బస్తాల పడవకును, చెడిపోయిన మోటారుకారుకును ఈ విషయమున భేదము లేదు.

కాలువలు త్రోవలైన విధము

1832–33లో గుంటూరు సీమను పట్టి పీడించిన డొక్కల కరువు తరువాత కృష్ణకు ఆనకట్ట కట్టవలెనను ఆలోచన బలపడెను. ఆర్థర్ కాటన్ ఆ ప్రయత్నమును సమర్థించెను. కెప్టెన్ ఆర్ పర్యవేక్షణలో 1852లో పని ప్రారంభమై 1855లో బెజవాడ ఆనకట్ట పూర్తి అయ్యెను. నేటి బ్యారేజి 1957లో దాని స్థానమున వెలసినది.

కాలువ సాగునీటికే కాక సరుకుల రవాణాకు కూడ పనికి రావలెనని కాటన్ పట్టుపట్టెను. రైలు మార్గముల కంటె జలమార్గములే ఈ దేశమునకు చౌక అని ఆయన ఎంతయో వాదించెను. అందుచేతనే ప్రధానమైన కాలువలకు లాకులు ఏర్పడినవి. నీటిమట్టము మారుచోట పడవను రెండు తలుపుల నడుమ నిలిపి, నీటిని నింపియో తీసివేసియో పైకి ఎక్కించుటకు, క్రిందికి దించుటకు లాకు ఉపకరించును. ఏలూరు వద్ద కృష్ణా కాలువ గోదావరి కాలువతో కలిసెను. దక్షిణమున కొమ్మమూరు కాలువ పెదగంజాము వద్ద బకింగ్‌హామ్ కాలువను చేరెను. 1876–78 నాటి మహా కరువులో కరువుపనుల క్రింద త్రవ్వించి కలిపిన భాగములతో ఈ బకింగ్‌హామ్ కాలువ పెదగంజాము నుండి మరక్కాణము వరకు సుమారు 420 కిలోమీటర్లు సాగినది. ఇట్లు కాకినాడలో బయలుదేరిన పడవ సముద్రము మీదికి పోకుండనే మద్రాసు చేరగలిగెడిది. బియ్యము, ఉప్పు, వంటచెరకు ఈ త్రోవన నడచెను.

మోకులోని బలములు

ఇద్దరు ముగ్గురు మనుష్యులు కొన్ని టన్నుల బరువును నీటిపై ఎట్లు లాగగలరు? నెమ్మదిగా పోవు పడవకు నీరు కలిగించు నిరోధము మిక్కిలి తక్కువ. ఆ నిరోధము ఉజ్జాయింపుగా వేగపు వర్గమును అనుసరించి పెరుగును. వేగము సగమైనచో నిరోధము నాలుగవ వంతునకు తగ్గును. కావున మనిషి నడకతో సమానమైన వేగమున పడవను లాగుట చౌక. పరుగున లాగవలెనన్నచో బహు ప్రయాస.

మోకు లాగునది సరిగా ముందుకు కాదు. లాగువాడు గట్టు మీద ఉండగా పడవ కాలువ నడుమ ఉండును గనుక మోకు ఏటవాలుగా నిలుచును. మోకు పొడవు 30 మీటర్లు, పడవకును గట్టు దారికిని ఎడము 5 మీటర్లు అనుకొన్నచో, మోకులోని బలములో ఆరవ వంతు పడవను గట్టు వైపునకు ఈడ్చును. మోకు 10 మీటర్లే అయినచో సగము బలము గట్టు వైపునకే పోవును. అందుచేత పడవవారు పొడవైన మోకును వాడెడివారు. ఎంత పొడవైనను ప్రక్కకు ఈడ్చు బలము పూర్తిగా పోదు. దానిని సరిదిద్దుటకు పడవలో ఒకడు చుక్కాని పట్టి కూర్చుండవలసినదే. లాగువారు గట్టు మీద ఎందరున్నను, లాగబడు పడవలో ఒక మనిషి లేక ప్రయాణము సాగదు.

మోకునకు లాగుట తెలియును, నెట్టుట తెలియదు

ఇక ఆపు సంగతి. 20 టన్నుల పడవ గంటకు 3 కిలోమీటర్ల వేగమున లాకు తలుపుల వైపు వచ్చుచున్నదనుకొన్నచో దానిలోని గతిజశక్తి సుమారు 7 వేల జౌళ్లు. గట్టు మీదివారు లాగుట మానినంత మాత్రమున అది ఆగదు. మోకు వదులై నీటిలో పడును, పడవ తన దారిని తాను పోవును. నలుగురు మనుష్యులు తలకు 150 న్యూటన్ల బలముతో వెనుకకు పట్టినను అది ఆగుటకు దాదాపు 12 మీటర్లు కావలెను.

దీనికి లోకమంతట పడవవారు కనుగొన్న ఉపాయము గట్టున పాతిన గుంజ. మోకును గుంజకు చుట్టి కొసను చేత పట్టుకొన్నచో మోకునకును కొయ్యకును నడుమ ఘర్షణ పనిచేయును. చుట్లు పెరిగినకొలది ఈ ఘర్షణ కూడికగా కాక హెచ్చవేతగా పెరుగుట ఇందలి విశేషము. ఘర్షణ గుణకము 0.3 అయినచో ఒక చుట్టు చేతి బలమును 6 రెట్లకు పైగా చేయును. రెండు చుట్లు 43 రెట్లు, మూడు చుట్లు 285 రెట్లు చేయును. చేతిలో 50 న్యూటన్ల బలమే ఉన్నను, రెండు చుట్ల గుంజ పైన చెప్పిన పడవను సుమారు మూడు మీటర్లలో నిలుపగలదు. మోకును ఒక్కసారి బిగించక కొద్దికొద్దిగా జారవిడుచుట ఇందలి నేర్పు. బిగించినచో మోకు తెగును. తెగిన మోకు కొరడావలె తగిలి మనిషిని గాయపరచును.

పడవ ఆగినను దానితో కదలిన నీరు ఆగదని 1834లో స్కాట్లండులో జాన్ స్కాట్ రస్సెల్ అను ఇంజనీరు గమనించెను. ఎడింబరో సమీపమున యూనియన్ కాలువలో రెండు గుఱ్ఱములు వేగముగా లాగుచున్న పడవ ఆకస్మికముగా నిలిచిపోయెను. దాని ముందు పోగైన నీరు ఒంటరి అలగా లేచి, ఆకారము చెడకుండ గంటకు 13, 14 కిలోమీటర్ల వేగమున కాలువ వెంట సాగెను. రస్సెల్ గుఱ్ఱముపై దానిని మైలునకు పైగా వెంబడించెను. ఈ ఒంటరి అలకు 1895లో గణిత సమీకరణము ఏర్పడినది. 1965లో ఇట్టి అలలకు ‘సాలిటాన్’ అను పేరు వచ్చినది. నేడు కాంతి తంతువుల శాస్త్రమున కూడ దానికి చోటున్నది. దాని పుట్టుక మాత్రము లాగబడుచున్న ఒక పడవ ఆగిన క్షణముననే.

రైలు నేర్చుకొన్న గుణపాఠము

1893లో బెజవాడ వద్ద కృష్ణపై రైలు వంతెన ఏర్పడెను. 1899 నాటికి మద్రాసుతో రైలు సంబంధము కలిసెను. అప్పటి నుండి దూరపు సరుకు క్రమముగా కాలువను విడిచి పట్టాల మీదికి మారెను. రైలుబండి కూడ లాగబడు వాహనముల వరుసయే. ఇంజను ఒక్కటి, దాని వెనుక పెట్టెలు పెక్కు. అందుచేత పడవవారి చిక్కే ఇక్కడ మరింత పెద్దదై నిలిచినది.

1889 జూన్ 12న ఐర్లండులోని అర్మా వద్ద దీనికి ఘోరమైన సాక్ష్యము దొరికినది. విహారయాత్రకు పోవు బండిని ఇంజను మిట్ట ఎక్కించలేకపోయెను. సిబ్బంది బండిని రెండు భాగములు చేసి, ముందు భాగమును తీసికొనిపోవ యత్నించిరి. ఆ బండి బ్రేకులు ఇంజను నుండి వచ్చు శూన్యపు గొట్టముతోనే పనిచేయునవి. గొట్టము విడిపోగానే వెనుక పెట్టెలకు చేతిబ్రేకు తప్ప మరేమియు మిగులలేదు. అవి పల్లమునకు జారి వెనుక వచ్చుచున్న బండిని ఢీకొనెను. సుమారు 80 మంది మరణించిరి. వారిలో పిల్లలు కూడ ఉండిరి. ఆ సంవత్సరమే బ్రిటనులో క్రొత్త చట్టము వచ్చినది. ప్రయాణికుల బండ్లలో ప్రతి పెట్టెకును బ్రేకు ఉండవలెను. గొట్టము తెగినచో బ్రేకు వదలుట కాక, దానంతట అదియే పట్టుకొనవలెను. తరువాత వచ్చిన లాగుడు సాధనములన్నిటికి ఈ సూత్రమే ప్రాణము.

రోడ్డు మీది లాగుడు

ఇరువదవ శతాబ్ది ఉత్తరార్ధమున లారీలు పెరిగినకొలది డెల్టాలో సరుకు పడవలు తగ్గిపోయినవి. పలుచోట్ల కాలువ గట్లే రోడ్లయినవి. పడవలను లాగిన గట్లపై ట్రాక్టర్లు ధాన్యపు ట్రక్కులను, చెరకు ట్రక్కులను లాగసాగినవి. మద్రాసు, కలకత్తా, హైదరాబాదు దారులు కలియు విజయవాడలో చెడిపోయిన వాహనములను బాగుచేయుటకు జవహర్ ఆటోనగర్ వెలసినది. నడువని బండిని నడిచెడి బండి వెనుక త్రాడుతో కట్టి అక్కడకు చేర్చుట నిత్యకృత్యమైనది.

ఇట్టి లాగుడునకు 1989లో భారత రహదారి నియమములు హద్దులు విధించెను. ట్రైలరులు, సైడుకారులు కాక, చెడిపోయిన లేదా కూర్పు పూర్తికాని మోటారు వాహనమునే లాగవలెను. లాగబడు వాహనపు స్టీరింగు వద్ద లైసెన్సు గలవాడు కూర్చుండవలెను; లేదా దాని ముందు చక్రములను క్రేను వంటి సాధనముతో నేలకు తగులకుండ ఎత్తి పట్టవలెను. రెండు వాహనముల నడుమ ఎడము 5 మీటర్లకు మించరాదు. త్రాడు ఇతరులకు స్పష్టముగా కనబడవలెను. వేగము గంటకు 24 కిలోమీటర్లు దాటరాదు. 2017లో వీటి స్థానమున క్రొత్త నియమములు వచ్చినవి. పై షరతులలోని శాస్త్రము మాత్రము పాతబడునది కాదు.

స్టీరింగు వద్ద కూర్చుండువాడు పడవలోని చుక్కానివాడే. వేగపు హద్దునకు కారణము గతిజశక్తి. వేయి కిలోగ్రాముల కారు 24 కిలోమీటర్ల వేగమున సుమారు 22 వేల జౌళ్ల శక్తి కలిగియుండును. వేగము మూడు రెట్లయి 72కు చేరినచో అది తొమ్మిది రెట్లయి 2 లక్షల జౌళ్లగును. ముందు బండి ఆగినపుడు త్రాడు వెనుక బండిని ఆపలేదు. వెనుకనున్నవాడే బ్రేకు వేయవలెను. ఇంజను ఆగియుండుటచే బ్రేకునకు శూన్యపు సాయము ఉండదు. పవర్ స్టీరింగు కూడ మొరాయించును. కనుక రెండింటికిని మామూలు కంటె ఎన్నో రెట్లు బలము కావలెను. తాళము త్రిప్పి స్టీరింగు బంధము విడిపింపనిచో చక్రము అసలే తిరుగదు. కాలువ మీద పొడవైన మోకు మేలు కాగా, రోడ్డు మీద పొట్టి త్రాడు మేలు. పొడవైనచో మలుపులో వెనుక బండి లోపలి వైపునకు కోసికొని వచ్చును. ఇతరులు త్రాడును చూడక నడుమ దూరుదురు.

మనిషి లేని బండి

అమెరికాలో మరొక ఆచారము కలదు. ఇల్లు వంటి పెద్ద మోటారు బండిలో ప్రయాణించువారు దాని వెనుక చిన్న కారును నాలుగు చక్రములు నేల మీదనే ఉండగా తగిలించుకొని వందల మైళ్లు పోవుదురు. ఆ కారులో ఎవరును ఉండరు. చుక్కానివాడు లేని పడవ ఎట్లు సాగును? అతని పనులన్నిటిని పరికరములు పంచుకొనవలెను. త్రాడునకు బదులు త్రికోణాకారపు ఇనుపదండము ఉండును. అది లాగుటయే కాక నెట్టగలదు గనుక వెనుక కారు ముందు బండిని ఢీకొనదు. దండము ఊడినను కారు విడిపోకుండ రెండు గొలుసులు అడ్డముగా కట్టుదురు. ముందు బండితో పాటు పనిచేయు బ్రేకును వెనుక కారులో అమర్చుదురు. కారు తెగిపోయినచో ఒక తీగ ఆ బ్రేకును తానుగా పట్టించును. ఇది అర్మా నేర్పిన పాఠమే.

ఇంకొక చిక్కు కంటికి కనబడదు. పెక్కు ఆటోమేటిక్ గేరుపెట్టెలలో నూనెను ప్రసరింపజేయు పంపు ఇంజను తిరిగినపుడే తిరుగును. ఇంజను ఆగి చక్రములు మాత్రము తిరిగినచో గేరులు నూనె లేక ఒరసికొని, వేడెక్కి పాడగును. అందుచేత ఏ కారును ఇట్లు లాగవచ్చునో తయారుచేసినవారు ఇచ్చిన పుస్తకములో చూచుకొనక కట్టరాదు. చక్రములు తేలికగా తిరుగుచున్నంత మాత్రమున లోపల అంతయు క్షేమమని అనుకొనరాదు.

గట్టు మీది పాఠము

కాకినాడ నుండి పుదుచ్చేరి వరకు గల పాత కాలువలను గోదావరి, కృష్ణా భాగములతో కలిపి 2008లో నాలుగవ జాతీయ జలమార్గముగా ప్రకటించిరి. పడవలు తిరిగి వచ్చినను రాకున్నను, వాటి పాఠము డెల్టా రోడ్లకు నేటికిని అవసరమే. చీకటిలో వెనుక దీపము లేని ట్రక్కు, కొక్కెములో మేకు బిగింపని ట్రాక్టరు, కాలువ గట్టు వాలులో త్రాడుతో లాగబడు లారీ, ఇవి మూడును ఒకే పొరపాటునకు మూడు రూపములు. ముందు బండికి శక్తి ఉన్నదా అని చూచుటతోనే ఆలోచన ఆగిపోవుటయే ఆ పొరపాటు. పాత పడవవారు మోకును భుజమునకు తగిలించుకొనుటకు ముందే, చుక్కాని వద్ద ఎవరున్నారో, లాకు వద్ద మోకును ఏ గుంజకు చుట్టవలెనో చూచుకొనెడివారు. ఏ బండిని లాగువారైనను కట్టు వేయుటకు ముందు ఆ రెండు ప్రశ్నలకు జవాబు చెప్పుకొనుట క్షేమము.