కోతకొచ్చేసరికి మద్దతు ధర ఎత్తేశారు: విశాఖ ఉక్కు కథ

ఈసారి పోస్టు పంట గురించి కాదు, ఇనుము గురించి. కాస్త పొడుగే, తీరిగ్గా చదవండి.

రోటావేటర్ బ్లేడ్లు మార్చినప్పుడో, ఇంటి స్లాబుకు ఐరన్ కొన్నప్పుడో మనం అడిగే మాట ఒకటే: "పోయిన నెల ఇంత లేదు కదా?" షాపాయన చెప్పే జవాబూ ఒకటే: "పైనుంచి పెరిగిందండీ." ఆ పైన ఉన్నదెవరు? 1992 దాకా అయితే మన దేశంలోనే ఒక కమిటీ. ఇప్పుడు చైనాలో కొలిమిలు ఎన్ని మండుతున్నాయి, ఆస్ట్రేలియాలో బొగ్గు గనులు వరదలో మునిగాయా లేదా అన్నదాన్ని బట్టి మన ఊరి షాపులో రేటు మారుతుంది. ఈ మార్పు ఎట్లా జరిగిందో తెలుసుకోవడానికి మన విశాఖ స్టీల్ ప్లాంటును మించిన ఉదాహరణ లేదు. అది పుట్టిన ముహూర్తమే అలాంటిది.

నిజానికి మన ఉక్కు దేశాలు దాటడం కొత్తేమీ కాదు. నిజామాబాద్ జిల్లా కోనసముద్రంలో మూసల్లో కరిగించిన ఉక్కు ముద్దల కోసం పర్షియా వర్తకులు అంత దూరం నుంచి వచ్చి కూర్చునేవారని 1820ల్లో అక్కడికి వెళ్లిన వాయిసీ అనే ఇంగ్లీషు ఆయన రాసి పెట్టాడు. తర్వాత ఇంగ్లండు ఫ్యాక్టరీల ఉక్కు చవగ్గా వచ్చిపడింది, మన కొలిమిలు చల్లారాయి. అది వేరే పెద్ద కథ, ఇంకోసారి చెప్పుకుందాం.

మన కథ ఒక రైలు మార్గంతో మొదలవుతుంది. అరకు రైలెక్కి సొరంగాలు లెక్కపెట్టినవాళ్లు మీలో చాలామంది ఉంటారు. ఆ లైను పర్యాటకుల కోసం వేసింది కాదు. బస్తర్‌లోని బైలదిల్లా కొండల ఇనుప రాయిని జపాను ఉక్కు కంపెనీలకు అమ్మడానికి 1960లో ఒప్పందం కుదిరింది. ఆ రాయిని విశాఖ రేవుకు దించడానికి 1960ల్లో కొత్తవలస నుంచి కిరండూల్ దాకా కొండలు తొలిచి పట్టాలు వేశారు. అంటే ప్రపంచంలోనే మేలైన ఇనుప రాయి మన ఊళ్ల మీదుగా వచ్చి, మన రేవులో ఓడెక్కి, జపానులో ఉక్కయ్యింది. వడ్లు మనవి, బియ్యం మిల్లు పరాయి ఊరిది. మిల్లు మన దగ్గరెందుకు ఉండకూడదని జనం అడగడంలో తప్పేముంది?

అడిగారు కూడా. 1965లో బ్రిటిష్, అమెరికన్ నిపుణుల బృందం దక్షిణాదిలో స్టీల్ ప్లాంటుకు విశాఖే అనువైన చోటని చెప్పింది. కేంద్రం తేల్చలేదు. 1966 అక్టోబరులో గుంటూరు నాయకుడు టి. అమృతరావు విశాఖలో నిరాహార దీక్షకు కూర్చున్నారు. "విశాఖ ఉక్కు ఆంధ్రుల హక్కు" అన్న నినాదం ఊరూరా మోగింది. నవంబరు 1న విశాఖలో కాల్పులు జరిగాయి. ఆ ఉద్యమంలో రాష్ట్రం మొత్తమ్మీద 32 మంది ప్రాణాలు పోయాయని చెబుతారు. 1970 ఏప్రిల్‌లో ఇందిరాగాంధీ పార్లమెంటులో ప్లాంటును ప్రకటించారు, 1971 జనవరి 20న శంకుస్థాపన చేశారు.

ఇక్కడ మనవాళ్ల సంగతి చెప్పాలి. కాల్పుల్లో పోయినవాళ్లను ఏటా తలుచుకుంటారు, తలుచుకోవాలి కూడా. కానీ భూమి ఇచ్చినవాళ్ల మాట అంతగా వినపడదు. ఇరవై వేల ఎకరాలకు పైగా భూమి, అరవైకి పైగా ఊళ్లు. నిర్వాసిత కుటుంబాలకు ఆర్ కార్డులు ఇచ్చారు. పదహారు వేలకు పైగా కార్డులు. కార్డుకో ఉద్యోగం అన్న ఆశతోనే చాలామంది ఆనాటి ధరకు సంతకం పెట్టారు. ఉద్యోగం దక్కింది దాదాపు సగం మందికే. మిగతావాళ్ల కార్డులు కొడుకుల చేతికి, కొందరివి మనవళ్ల చేతికి వచ్చాయి. భూమి సేకరించినప్పుడు చెప్పిన మాట "దేశం కోసం, ప్రభుత్వ ప్లాంటు కోసం" అని. ఈ మాట గుర్తుపెట్టుకోండి, కిందికి వచ్చాక దీంతో పని ఉంది.

రాయి వేశారు గానీ పని నడవలేదు. డబ్బుల్లేవన్నారు. సోవియట్ రష్యాతో ఒప్పందం 1979లో అయింది, కంపెనీ 1982లో ఏర్పడింది, "గోదావరి" అని పేరు పెట్టిన మొదటి బ్లాస్ట్ ఫర్నేసు 1990 మార్చిలో వెలిగింది. నాలుగు వేల కోట్ల లోపు వేసిన అంచనా ఎనిమిది వేల కోట్లు దాటింది. దాంతో అప్పూ, దాని మీద వడ్డీ భారమూ పెరిగాయి. నారు ముదిరాక నాటిన పొలం లాంటిదన్నమాట.

అసలు దెబ్బ తర్వాత ఉంది. ప్లాంటును తలపెట్టినప్పుడు దేశంలో ఉక్కు ధరను జాయింట్ ప్లాంట్ కమిటీ నిర్ణయించేది. రవాణా ఖర్చును అందరికీ సమానంగా పంచేవారు. ఈరోజు యూరియా బస్తా దేశమంతటా ఒకే రేటు ఉన్నట్టు, జంషెడ్‌పూర్ పక్కనా కన్యాకుమారిలోనూ ఉక్కుకు దాదాపు ఒకే ధర. విదేశీ ఉక్కు రాకుండా భారీ సుంకాలు. ఆ లెక్కల మీదే ప్లాంటు కట్టారు. 1991లో దేశం తలుపులు తెరిచింది. 1992 జనవరిలో ఉక్కు ధర మీద, పంపిణీ మీద అదుపు తీసేశారు. రవాణా సమానీకరణ కూడా పోయింది. సుంకాలు ఏటా తగ్గుతూ వచ్చాయి. అదే 1992 ఆగస్టు 1న ప్రధాని పి.వి. నరసింహారావు ప్లాంటును జాతికి అంకితం చేశారు. తలుపులు తెరిచిందీ ఆయన ప్రభుత్వమే, ప్లాంటు తాళాలు అప్పజెప్పిందీ ఆయనే. నాటేటప్పుడు మద్దతు ధర ఉంది, కోతకొచ్చేసరికి ఎత్తేశారు. మనకంటే బాగా ఇది ఎవరికి అర్థమవుతుంది చెప్పండి.

అదుపు తీసేయడం మొత్తం చెడ్డ పని అని నేను అనను. ఐరన్‌కు కోటాలు, పర్మిట్లు నడిచిన రోజులు మన పెద్దవాళ్లకు గుర్తే. ఇప్పుడు డబ్బుంటే ఏ ఊళ్లోనైనా ఊచలు దొరుకుతాయి. దేశంలో 1991-92లో తయారైన ఉక్కు 14 మిలియన్ టన్నుల చిల్లర. ఈమధ్య ఏడాదికి 140 మిలియన్ టన్నులు దాటింది. ఆ పెరుగుదలలో ఎక్కువ భాగం ప్రైవేటుది. మన రాయలసీమ గట్టు దాటితే బళ్లారి దగ్గర జిందాల్ ప్లాంటు కనిపిస్తుంది, అది ఈ తలుపులు తెరిచాక పుట్టిందే. మరి అందరూ ఎదిగిన చోట విశాఖ ఎందుకు తడబడింది? ఉద్యోగులు ఎక్కువనీ, ప్రభుత్వ సంస్థలింతేననీ టీవీల్లో చెబుతారు. అసలు కారణం రాతిలో ఉంది.

టాటాకు సొంత ఇనుప గనులున్నాయి, సెయిల్‌కు ఉన్నాయి. తవ్వుకునే ఖర్చు, రాయల్టీ పెట్టుకుంటే రాయి వాళ్లది. విశాఖకు సొంత ఇనుప గని ఒక్కటీ లేదు. జగ్గయ్యపేటలో సున్నపురాయి ఉంది, ఖమ్మం వైపు మాదారంలో డోలమైటు ఉంది. కానీ ముఖ్యమైన ఇనుప రాయిని ఎన్‌ఎండీసీ దగ్గర మార్కెట్ రేటుకు కొనాలి. సింగరేణి బొగ్గు కరెంటుకు పనికొస్తుంది గానీ బ్లాస్ట్ ఫర్నేసుకు పనికిరాదు. దానికి కావలసిన కోకింగ్ కోల్ ఎక్కువగా ఆస్ట్రేలియా నుంచి ఓడల్లో రావాలి. సొంత పొలం ఉన్న రైతు, కౌలు రైతు ఒకే మార్కెట్ యార్డుకు సరుకు తెచ్చారనుకోండి. రేటు బాగున్నప్పుడు ఇద్దరూ నవ్వుతూనే ఇంటికి పోతారు. రేటు పడినప్పుడు సొంత పొలం రైతు ఆ ఏడాది ఏదోలా గట్టెక్కుతాడు. కౌలు రైతు కౌలు కట్టాలి, వడ్డీ కట్టాలి. విశాఖ ప్లాంటు ముప్పై ఏళ్లుగా కౌలు రైతే.

ఆ కౌలు సేద్యం ఎలా నడిచిందో చూడండి. 1997లో ఆసియా దేశాలు ఆర్థికంగా కుదేలయ్యాయి, ప్రపంచమంతా ఉక్కు రేటు పడిపోయింది, విశాఖ నష్టాల్లో మునిగింది. 2002 తర్వాత చైనాలో నగరాలు లేచాయి, వాళ్లకు ఎంత ఉక్కూ చాలలేదు, రేటు ఎగిరింది. విశాఖ లాభాల్లోకి వచ్చింది, 2010లో నవరత్న హోదా తెచ్చుకుంది. ఆ ధైర్యంతో అప్పు చేసి సామర్థ్యాన్ని 3 మిలియన్ టన్నుల నుంచి 7.3 మిలియన్ టన్నుల దాకా పెంచుకుంటూ పోయింది. ఈలోగా చైనా తన అవసరం కన్నా ఎక్కువ కొలిమిలు కట్టేసింది. 2015లో చైనా బయటి దేశాలకు పంపిన ఉక్కు 110 మిలియన్ టన్నుల పైమాట. ఆ ఏడాది మన దేశం మొత్తం తయారు చేసింది అంతకన్నా తక్కువ! సరిగ్గా అప్పుడే విశాఖ మళ్లీ నష్టాల్లోకి జారింది. 2022లో యుక్రెయిన్ యుద్ధం మొదలవగానే కోకింగ్ కోల్ టన్ను 600 డాలర్లు దాటింది. ఎక్కడి యుద్ధం, ఎక్కడి గాజువాక!

ఇది ఒక్క విశాఖ బాధే కాదు. 2007లో మన టాటా కంపెనీ సుమారు 12 బిలియన్ డాలర్లు పెట్టి బ్రిటన్, నెదర్లాండ్స్ ప్లాంట్లున్న కోరస్‌ను కొన్నప్పుడు, తెల్లవాడి కంపెనీ మనం కొన్నామని ఇక్కడ సంబరపడ్డాం. 2024 సెప్టెంబరు 30న వేల్స్‌లోని పోర్ట్ టాల్బోట్‌లో ఆఖరి బ్లాస్ట్ ఫర్నేసు ఆపేశారు. రెండు వేల మందికి పైగా ఉద్యోగాలు పోయాయి. మూయించింది మన దేశపు కంపెనీ, వీధిన పడింది అక్కడి కూలి జనం.

మన దగ్గరికి వద్దాం. 2021 జనవరి 27న విశాఖ స్టీలులో ప్రభుత్వ వాటాను నూరు శాతం అమ్మాలని కేంద్రం సూత్రప్రాయంగా నిర్ణయించింది. కూర్మన్నపాలెం కూడలిలో రిలే దీక్షలు మొదలయ్యాయి. ఒక దశలో మూడు ఫర్నేసుల్లో ఒక్కటే నడిచింది. 2025 జనవరిలో కేంద్రం రూ. 11,440 కోట్ల ప్యాకేజీ ఇచ్చింది. మంచిదే. అయితే ఆ డబ్బు అప్పుకు, రోజువారీ ఖర్చుకు. సొంత గని మాట అందులో లేదు. కౌలు రైతుకు ఒకసారి రుణమాఫీ చేసినట్టుంది. ఇందాక గుర్తుపెట్టుకోమన్న మాట ఇక్కడ పనికొస్తుంది. దేశం కోసమని తీసుకున్న ఆ వేల ఎకరాలు అమ్మకంలో ఎవరి ఖాతాలోకి పోతాయి? పక్కనే గంగవరం పోర్టుకు స్టీల్ ప్లాంటు భూమిలోంచే ఇచ్చారు. ఆ పోర్టు 2021లో అదానీ చేతికి పోయింది. ప్లాంటుకు బొగ్గు ఎక్కువగా దిగుతూ వచ్చింది ఆ రేవులోనే.

ఇక బైలదిల్లా రాయి ఇప్పుడు రైల్లోనే కాదు, 267 కిలోమీటర్ల గొట్టంలో బురద నీళ్లలాగా కూడా విశాఖకు పారుతోంది. ఆ గొట్టం ఎస్సార్ కంపెనీ వేసుకున్నది. 2019లో ఎస్సార్ స్టీలును ఆర్సెలార్ మిట్టల్, జపాను నిప్పన్ స్టీల్ కలిసి కొన్నాయి. అరవై ఏళ్ల కింద రాయిని ఓడల్లో కొనుక్కుపోయిన జపాను ఇప్పుడు ఆ రాయి వచ్చే గొట్టంలో భాగస్తురాలు. అదే కంపెనీ ఇప్పుడు అనకాపల్లి జిల్లా నక్కపల్లి దగ్గర పెద్ద స్టీల్ ప్లాంటు పెడతామని ప్రకటించింది. ఆ చుట్టుపక్కల రైతులెవరైనా ఈ పోస్టు చదువుతుంటే, కాగితం మీద సంతకం పెట్టే ముందు ఒకపూట బస్సెక్కి కూర్మన్నపాలెం వెళ్లండి. ఆర్ కార్డు దాచుకున్న పెద్దాయన ఎవరైనా దొరుకుతారు. ఆయన పక్కన ఒక గంట కూర్చుని మాట్లాడి రండి.