జవాబుగా పుట్టిన సాహిత్యం

ఉజ్బెక్ సాహిత్యాన్ని పరిచయం చేసేవాళ్లు చాలామంది దాన్ని ప్రపంచ సాహిత్యంలోకి ఆలస్యంగా అడుగుపెట్టిన చిన్న సాహిత్యంగా చూపిస్తారు. సోవియట్ కాలంలో రష్యన్ ద్వారా కొంత, ఈమధ్య ఇంగ్లీషు ద్వారా మరికొంత బయటి పాఠకులకు అందిందని చెప్పి ముగిస్తారు. ఐరోపా భాషల్లోకి అనువాదమైతేనే ప్రపంచంలోకి వచ్చినట్టు అనుకోవడం వల్ల వచ్చిన చిక్కు ఇది. 15వ శతాబ్దం నుంచి ఆ భాషలో వెలువడిన పెద్ద రచనల్ని వరసగా చూస్తే, వాటిలో చాలా భాగం వేరే భాషలోని ఏదో ఒక మహారచనకు జవాబుగా పుట్టాయని తేలుతుంది. ఇతరులతో సంభాషణ లేకుండా ఆ సాహిత్యం ఎన్నడూ లేదు. ఆ సంభాషణ తెగింది 20వ శతాబ్దంలో. అది తనంతట తెగలేదు, తెంచారు.

అలీషేర్ నవాయీ (1441–1501) హెరాత్‌లో పుట్టి, తైమూరు వంశపు సుల్తాను హుసేన్ బైఖరా కొలువులో పెద్ద పదవులు నిర్వహించాడు. ఆ కొలువులో కవిత్వమంటే పర్షియనే. పాలకుల ఇళ్లలో మాట్లాడే చగతాయ్ తుర్కీ పెద్ద కావ్యాలకు చాలదన్న భావం చదువుకున్నవాళ్లలో బలంగా ఉండేది. నవాయీకి పర్షియన్ రాక కాదు, ఫానీ అన్న పేరుతో ఆ భాషలో ఒక దీవానే, అంటే కవితల సంపుటమే, రాశాడు. అయినా 1483–85 మధ్య తుర్కీలో ఐదు కావ్యాల ఖమ్సాను పూర్తి చేశాడు. ఈ ఐదు కావ్యాల సంప్రదాయానికి ఆద్యుడు గంజా నగరపు కవి నిజామీ. ఆయనకు మొదటి గట్టి జవాబు ఢిల్లీ నుంచి, అమీర్ ఖుస్రో (1253–1325) నుంచి వెళ్లింది. నవాయీకి గురువూ ఆప్తుడూ అయిన జామీ మరో జవాబు చెప్పాడు. ఆ ఐదింటిలో ఒకటైన ఖుస్రో–షిరీన్ ప్రేమకథను చూడండి. నిజామీ చెప్పిన కథలో నాయకుడు ఇరాన్ రాజు ఖుస్రో. రాయి కొట్టే ఫర్హాద్ మధ్యలో వచ్చి, షిరీన్‌ను ప్రేమించి, ప్రాణాలు పోగొట్టుకునే పాత్ర. నవాయీ కథను తలకిందులు చేశాడు. ఆయన కావ్యానికి ఫర్హాదే నాయకుడు, చైనా ఖాకాను కొడుకు. రాజకుమారుడై ఉండి రాతిపని, కట్టడం, బొమ్మలు వేయడం నేర్చుకుంటాడు. గ్రీసు వెళ్లి సోక్రటీసును కలుస్తాడు. ఆర్మేనియాలో కొండను తొలిచి కాలువ తవ్వలేక అలసిన పనివాళ్లను చూసి, తానే పనిముట్లు పట్టి వాళ్ల పని పూర్తి చేస్తాడు. ఖుస్రో మాత్రం ఆ దేశం మీదికి దండెత్తి వచ్చిన దురాక్రమణదారుగా మిగిలాడు. చైనా, గ్రీసు, ఆర్మేనియా, ఇరాన్ ఒకే కావ్యంలోకి ఎలా వచ్చాయో చూస్తే, ఆ కవి ఊహలో ప్రపంచం ఎంత పెద్దదో తెలుస్తుంది.

కథా, ఛందస్సూ, పాత్రలూ పాతవైతే ఇది అనుకరణే కదా అని అడగవచ్చు. ఆధునిక విమర్శలో ఈ మాట చాలాసార్లు వినిపించింది కూడా. కానీ ఆ కాలపు పాఠకుడికి నిజామీ కంఠస్థం. ఏ పాత్ర పైకి లేచిందో, ఏది కిందికి దిగిందో అతనికి వెంటనే తెలుస్తుంది. రాజు చేతుల్లోంచి కథను లాగి పనివాడి చేతిలో పెట్టడం అలాంటి సభలో ఎంత సాహసమో అతనికి విడమరిచి చెప్పనక్కర్లేదు. పాత కథ ఉండబట్టే కొత్త మాట వినబడింది. చివరి రోజుల్లోనూ నవాయీ ఈ దారి వదల్లేదు. పర్షియన్ కవి అత్తార్ రాసిన పక్షుల కావ్యానికి తుర్కీలో తన జవాబు చెప్పాడు. 1499లో పర్షియన్‌నూ తుర్కీనీ పక్కపక్కన పెట్టి, తుర్కీ ఏ విధంగానూ తక్కువది కాదని వాదిస్తూ ఒక గద్యగ్రంథం రాశాడు.

రెండో అభ్యంతరం ఇంతకంటే బలమైనది. నవాయీని ఉజ్బెక్ కవి అనవచ్చా? ఆయన తనను ఎన్నడూ అలా చెప్పుకోలేదు. ఆయన ఊరు హెరాత్ నేడు అఫ్గానిస్తాన్‌లో ఉంది. ఆ రోజుల్లో ఉజ్బెకులంటే షైబానీ ఖాన్ వెంట వచ్చిన సంచార సైన్యం. 1501లో బాబరును సమర్‌ఖండ్ నుంచి తరిమింది వాళ్లే, 1507లో హెరాత్‌ను పట్టుకుంది వాళ్లే. ఉజ్బెక్ గణతంత్రం ఏర్పడింది 1924లో. నవాయీ భాషకు ‘పాత ఉజ్బెక్’ అన్న పేరు స్థిరపడింది సోవియట్ పండితుల చేతుల్లో, దాని వెనక రాజకీయం ఉంది. ఇదంతా ఒప్పుకోవలసిందే. అయితే బాబరు సాక్ష్యం ఒకటుంది. నవాయీ హెరాత్‌లో పెరిగినా ఆయన రచనల భాష తన ఆందిజాన్ జనం మాట్లాడే భాషేనని బాబరు తన ఆత్మకథలో రాశాడు. ఆందిజాన్ నేటి ఉజ్బెకిస్తాన్‌లోనే ఉంది. బాబరును తరిమిన షైబానీ ఖాన్ కూడా ఆ భాషలోనే కవిత్వం అల్లాడు. కాబట్టి పేరు తర్వాత వచ్చినా వారసత్వం కల్పితం కాదు. ఉయ్ఘూర్లు, తుర్క్‌మెన్లు కూడా నవాయీని తమవాడంటారు, వాళ్ల మాటా నిజమే. ఒక జాతి కంచెలో ఇమడని కవితో మొదలైన సాహిత్యానికి ఇది లోపమని నేననుకోను.

ఈ సాహిత్యాన్ని బయట ఎవరు చదివారన్న ప్రశ్నకు నిఘంటువులు మంచి సాక్ష్యాలు. 16వ శతాబ్దంలో ఒట్టోమన్ రాజ్యంలో నవాయీ మాటలకు అర్థాలు చెప్పే నిఘంటువు ఒకటి తయారైంది. 18వ శతాబ్దంలో నాదిర్ షా చరిత్రకారుడు మీర్జా మహ్దీ ఖాన్, పర్షియన్ చదివేవాళ్ల కోసం ఇంకా పెద్దది కూర్చాడు. ఒక కవి కోసం పరాయి దేశాల్లో తరతరాలుగా నిఘంటువులు రాశారంటే, అతన్ని చదివేవాళ్లు అక్కడ ఉన్నారనే కదా. బాబరు ఆత్మకథ బాబరునామా ప్రయాణం మరీ ఆసక్తికరం. అక్బరు కోరిక మీద 1589లో అబ్దుర్ రహీం ఖాన్-ఇ-ఖానాన్ దాన్ని పర్షియన్‌లోకి తెచ్చాడు. అతని తండ్రి బైరంఖాన్ తుర్కీలో కవిత్వం రాసినవాడు. 1826లో లేడెన్, ఎర్‌స్కిన్ పేర్లతో వచ్చిన ఇంగ్లీషు అనువాదం ముఖ్యంగా ఆ పర్షియన్ పాఠం మీదే ఆధారపడింది. 1857లో కజాన్‌లో తుర్కీ మూలం అచ్చయింది, దాన్నిబట్టి 1871లో ఫ్రెంచి అనువాదం వచ్చింది. అంతకంటే మంచి పాఠం హైదరాబాదులో, సాలార్‌జంగ్ గ్రంథాలయంలో ఉందని గుర్తించిన ఆనెట్ బెవరిడ్జ్ 1905లో దాని నకలును యథాతథంగా అచ్చు వేయించింది, 1922 నాటికి తుర్కీ నుంచి నేరుగా ఇంగ్లీషు అనువాదం పూర్తి చేసింది. పండితులు ఇప్పటికీ దాన్ని హైదరాబాద్ ప్రతి అనే పిలుస్తారు. ఆందిజాన్ కుర్రవాడి గద్యాన్ని ప్రపంచం సరిగ్గా చదవడానికి మూసీ ఒడ్డున భద్రంగా ఉన్న పుస్తకం కావలసివచ్చింది. ఇది మన పాఠకులు తెలుసుకోవలసిన సంగతి.

లోపలికి తెచ్చుకునే పనీ ఆగలేదు. 19వ శతాబ్దపు ఖీవాలో ఆగహీ (1809–1874) సాదీ గులిస్తాన్‌ను, జామీ యూసుఫ్ జులేఖా కావ్యాన్ని తన భాషలోకి తెచ్చాడు. రష్యన్ పాలన వచ్చాక జదీదులు అనే సంస్కర్తలకు సంభాషించవలసిన ప్రపంచం మారిపోయింది. అబ్దురవూఫ్ ఫిత్రత్ (1886–1938) యువకుడిగా ఇస్తాంబుల్‌లో ఉన్నప్పుడు పర్షియన్‌లో రాసిన సంవాదంలో ఒక బుఖారా మదరసా పండితుడు, ఒక ఐరోపావాడు చదువుల గురించి వాదించుకుంటారు. ఆ వాదన జరిగే చోటు భారతదేశం. తర్వాత ఉజ్బెక్‌లో రాసిన రెండు నాటకాలను ఆయన భారత విప్లవకారుల చుట్టూనే అల్లాడు, వాటిలో ఒకటి 1923లో బెర్లిన్‌లో అచ్చయింది. పరాయి పాలన గురించి సొంత ఊరి పేరుతో మాట్లాడలేని చోట ఆయన మన దేశాన్ని రంగస్థలం చేసుకున్నాడని నా అభిప్రాయం. ఆయన సహచరుడు చొల్పాన్, టాగోర్ మీద వ్యాసాలు రాశాడు, హామ్లెట్‌ను ఉజ్బెక్‌లోకి తెచ్చాడు. అబ్దుల్లా ఖాదిరీ 1920ల్లో రాసిన ‘గడిచిన రోజులు’ తొలి ఉజ్బెక్ నవల. ఐరోపా నుంచి వచ్చిన ప్రక్రియలో తాష్కెంట్, మర్గిలాన్ ఇళ్ల జీవితాన్ని పెట్టిన ఆ పుస్తకం కూడా, నా లెక్కలో, జవాబే.

1938 అక్టోబరు 4న ఫిత్రత్‌నూ చొల్పాన్‌నూ ఖాదిరీనీ తాష్కెంట్‌లో చంపేశారు. వాళ్ల పుస్తకాలు మాయమయ్యాయి. అరబ్బీ లిపి పోయి 1929 ప్రాంతంలో లాటిన్, 1940లో సిరిలిక్ వచ్చాయి. తాత చదివిన పుస్తకం మనవడి చేతిలో తెరుచుకోకుండా పోయింది. సోవియట్ రాజ్యమే ఆ సాహిత్యాన్ని ప్రపంచానికి చూపించింది కదా అనేవాళ్లున్నారు. అందులో నిజం లేకపోలేదు. 1941 డిసెంబరులో, ముట్టడిలో ఆకలితో చచ్చిపోతున్న లెనిన్‌గ్రాడ్‌లో, హెర్మిటాజ్ మ్యూజియం పండితులు నవాయీ 500వ జయంతి జరిపారు. నిలబడే ఓపిక లేని నికొలాయ్ లెబెదెవ్ తన అనువాదాలు చదివి వినిపించి, కొద్ది రోజులకే చనిపోయాడు. ఆ మనిషి ముందు తల వంచాల్సిందే. గఫూర్ గులామ్ ఒథెల్లోను, అబ్దుల్లా ఆరిపోవ్ దాంతే కావ్యంలోని నరక ఖండాన్ని, ఎర్కిన్ వాహిదోవ్ గోథే ఫౌస్ట్‌ను ఉజ్బెక్‌లోకి తెచ్చింది ఆ కాలంలోనే. 1958లో ఆఫ్రో ఆసియా రచయితల మహాసభ తాష్కెంట్‌లోనే జరిగింది. కానీ అన్ని దారులూ రష్యన్ గుండానే వెళ్లాలన్నది షరతు. ఏ కవి ఎవరితో మాట్లాడాలో, ఏ పుస్తకం గతంలో ఉన్నట్టో లేనట్టో పైనుంచి నిర్ణయం జరిగేది. హెరాత్‌లో కూర్చుని గంజాకూ ఢిల్లీకీ తానే జవాబు చెప్పుకున్న సాహిత్యానికి అది మామూలు నష్టం కాదు.

ఖాదిరీ తొలి నవల, చొల్పాన్ నవల ‘రాత్రి’ ఇంగ్లీషులోకి వచ్చేసరికి 2018, 2019 అయింది. అప్పటికి వాళ్లు పోయి ఎనభై ఏళ్లు. అదే సమయంలో, 1990ల నుంచి ప్రవాసంలో ఉన్న హమీద్ ఇస్మాయిలోవ్ రాసిన ‘దయ్యాల నాట్యం’ కూడా ఇంగ్లీషులో వెలువడింది. జైలుగదిలో ఉన్న ఖాదిరీ, తనను పట్టుకుపోవడంతో పూర్తి కాకుండా పోయిన నవలను మనసులోనే మళ్లీ రాసుకోవడం దాని కథ. ఆ నవలలోపలి నవలలో 19వ శతాబ్దపు ఖాన్‌ల అంతఃపుర స్త్రీలు, బుఖారాలో తలలు పోగొట్టుకున్న బ్రిటిష్ అధికారులు కనిపిస్తారు. ఇస్మాయిలోవ్ అంతకుముందు ‘రైల్వే’ అనే నవలను రష్యన్‌లో రాశాడు. దీన్ని మాత్రం ఉజ్బెక్‌లో రాశాడు, డొనాల్డ్ రేఫీల్డ్ ఆ భాష నుంచే నేరుగా ఇంగ్లీషు చేశాడు, 2019లో దానికి యూరోపియన్ పునర్నిర్మాణ, అభివృద్ధి బ్యాంకు ఇచ్చే సాహిత్య బహుమతి వచ్చింది. నవాయీ తన ముందున్న కావ్యాలకు జవాబు చెప్పాడు. ఇస్మాయిలోవ్ జవాబు చెప్పింది రాయనివ్వని పుస్తకానికి.