తాండూరు నుంచి కలబురగి: ఇద్దరు దోస్తుల వేసవి సఫర్‌కి రెండు రోజుల ప్లాన్

ఎండాకాలం సెలవులు రాగానే కరణ్‌కోట, తాండూరు పిల్లలు ‘సిటీ’ అంటే హైదరాబాదే అనుకుంటారు. కానీ తాండూరు స్టేషన్‌లో పట్టాలు రెండు దిక్కులకీ పోతాయి. తూర్పున హైదరాబాద్, పడమర కలబురగి. రైలు దూరం చూస్తే రెండూ 110 కిలోమీటర్లకి అటూ ఇటూగానే ఉంటాయి. అయినా రెండో సిటీని చాలామంది ముంబై రైల్లో పోతూ కిటికీలోంచి చూడటమే తప్ప దిగి చూసింది లేదు.

ఇంకో సంగతి ఈ తరానికి అంతగా తెలియదు. 1956 నవంబర్ 1న రాష్ట్రాల పునర్విభజన జరిగేదాకా తాండూరు తాలూకా గుల్బర్గా జిల్లాలోనే ఉండేది. భాషల లెక్కన రాష్ట్రాలు విడిపోయినప్పుడు తాండూరు, కొడంగల్ తాలూకాలు ఆంధ్రప్రదేశ్‌లోకి వచ్చాయి, గుల్బర్గా మైసూరు రాష్ట్రంలోకి పోయింది. 2014లో దాని పేరు కలబురగిగా మారింది. అంటే తాతల కాలంలో కచేరీ పని మీద పోయిన జిల్లా కేంద్రమే ఇప్పుడు మనవలకి ‘పక్క రాష్ట్రం’.

ఇద్దరు దోస్తులు తక్కువ ఖర్చులో, ఎండకి దెబ్బ తినకుండా ఈ సిటీకి ఎట్లా పోయి రావచ్చో కింద ఉంది.

ఎట్లా పోవాలి

కరణ్‌కోట నుంచి తాండూరుకి ఆటోనో, బస్సో, అక్కడి నుంచి రైలు. బషీరాబాద్, సేడం, మల్‌ఖేడ్ రోడ్, చిత్తాపూర్, వాడి, షాహాబాద్ దాటాక కలబురగి వస్తుంది. టికెట్ కొనేముందు ఒక్కటి చూసుకోవాలి. వాడి జంక్షన్ దగ్గర లైన్ చీలుతుంది. కొన్ని రైళ్లు అక్కడి నుంచి రాయచూరు వైపు తిరుగుతాయి, కొన్ని ప్యాసింజర్లు వాడిలోనే ఆగిపోతాయి. సోలాపూర్, పుణె, ముంబై వైపు పోయే రైలే ఎక్కాలి.

రిజర్వేషన్ ఇప్పుడు ప్రయాణానికి 60 రోజుల ముందు నుంచే తెరుస్తారు. వేసవిలో ముంబై రైళ్లు నిండిపోతాయి కాబట్టి తారీఖు ఖాయం కాగానే సీటు తీసుకోవడం మేలు. జనరల్ టికెట్ మీద పోయేవాళ్లు ముందుగానే కొని జేబులో పెట్టుకుంటే లాభం లేదు. ఇంత తక్కువ దూరానికి ఆ టికెట్ తీసుకున్న మూడు గంటల్లోపు, లేదా ఆ తర్వాత వచ్చే మొదటి రైలుకి బయలుదేరాలి. రైలు ఎక్కడుందో ఎన్‌టీఈఎస్ యాప్‌లో చూసుకుని ఇంట్లోంచి కదిలితే ప్లాట్‌ఫాం మీద ఎండలో కాచుకునే బాధ తప్పుతుంది.

ఇద్దరూ అమ్మాయిలైతే ఒక సంగతి గుర్తుంచుకోవాలి. తెలంగాణ మహాలక్ష్మి ఉచిత ప్రయాణం పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో రాష్ట్ర సరిహద్దు వరకే చెల్లుతుంది. కర్ణాటక శక్తి పథకం అక్కడి నివాసులకే. కాబట్టి సరిహద్దు దాటాక బస్సు చార్జీలు లెక్కలో వేసుకోవాలి.

హైదరాబాద్ వైపు పోయేవాళ్లకైనా రైలు దొరికితే రైలే మేలు. 2025 నవంబర్ 3న చేవెళ్ల దగ్గర మీర్జాగూడలో తాండూరు డిపో బస్సును కంకర టిప్పర్ ఢీకొని 19 మంది ప్రాణాలు పోయాయి. వాళ్లలో చదువుకునే పిల్లలు కూడా ఉన్నారు.

దారిలో ఏముంది

ఈ రైలు దారి కరణ్‌కోట వాళ్లకి కొత్తగా అనిపించదు. కరణ్‌కోటలో సీసీఐ సిమెంట్ ఫ్యాక్టరీ ఎందుకుందో సేడం, మల్‌ఖేడ్, వాడిలో సిమెంట్ ఫ్యాక్టరీలూ అందుకే ఉన్నాయి. అంతా ఒకే సున్నపురాయి పొర. ఇళ్లల్లో పరిచే షాబాద్ బండలకి పేరు తెచ్చిన షాహాబాద్ కూడా ఈ లైన్ మీదే ఉంది. కంది చేలు కూడా రెండు వైపులా ఒకటే. గుల్బర్గా కందిపప్పుకి 2019లో, తాండూరు కందికి 2022లో జీఐ గుర్తింపు వచ్చింది.

తాండూరు పక్కన పారే కాగ్నా నది కూడా ఇటే పోయి మల్‌ఖేడ్ కోట గోడలను తాకి, ఆ తర్వాత భీమాలో కలుస్తుంది.

మొదటి రోజు: కోట, మసీదు, దర్గా

కలబురగి కర్ణాటకలో బాగా ఎండ కొట్టే ఊళ్లలో ఒకటి. ఏప్రిల్, మే నెలల్లో 42 డిగ్రీలు దాటడం మామూలే. అందుకే ఇక్కడ ప్లాన్ చూడాల్సిన చోట్ల జాబితాతో కాదు, గడియారంతో మొదలు కావాలి. పొద్దున 10:30 దాకా ఒక పని, సాయంత్రం 4:30 తర్వాత ఇంకో పని. మధ్యలో నీడ, తిండి, నిద్ర. తెల్లవారుజామున రైలు దొరక్కపోతే ముందురోజు రాత్రికే చేరుకుని పడుకోవడం మంచిది.

పొద్దున మొదట కోట. 1347లో అలావుద్దీన్ హసన్ బహమనీ రాజ్యం స్థాపించి ఈ ఊరినే రాజధాని చేసుకున్నాడు. 1420లలో రాజధాని బీదర్‌కి మారింది. కోటలో నీడ తక్కువ. బురుజుల మీదికి ఎక్కాలంటే ఎండ ముదరకముందే ఎక్కి దిగాలి.

కోట లోపలే జామా మసీదు ఉంది. 1367లో కట్టింది. మన దగ్గర మసీదు అంటే ముందు పెద్ద సహన్, వెనక కప్పు ఉన్న భాగం. ఇక్కడ సహనే లేదు, మొత్తం కప్పే. మిహ్రాబ్ వైపు ఒక పెద్ద గుంబద్, నాలుగు మూలలా నాలుగు, మిగతా అంతా వరసగా చిన్న గుంబద్‌లు. లోపల వెడల్పాటి కమాన్‌లు ఒకదాని వెనక ఒకటి కనిపిస్తాయి. ఎండాకాలంలో పోయినవాళ్లకి ఈ కట్టడం ఎంత హాయో లోపల అడుగు పెట్టగానే తెలుస్తుంది. కాబట్టి కోట ముందు, మసీదు తర్వాత పెట్టుకోవాలి. ఎండ పెరిగే వేళకి కప్పు కిందికి చేరతారు.

మధ్యాహ్నం భోజనానికి రెండు దారులు. జొన్న రొట్టె, పప్పు, కారం పొడి, పెరుగు పెట్టే ఖానావళిలు ఒకటి. కలబురగి తహారీ ఇంకోటి. దోస్తుల్లో ఒకరు మాంసం తినకపోతే ఆ సంగతి ముందే అనుకోవాలి. ఆకలి మీద రోడ్డు పక్కన నిలబడి వాదించుకుంటే సగం మధ్యాహ్నం ఎండలోనే పోతుంది. మామిడి కాలం కాబట్టి పండ్లకి కొదవ ఉండదు.

సాయంత్రం ఖ్వాజా బందానవాజ్ గేసూదరాజ్ దర్గా. 1321లో పుట్టిన ఖ్వాజా చాలా ఏళ్లు ఢిల్లీలో ఉన్నారు. తైమూర్ దండయాత్ర సమయంలో ఢిల్లీ వదిలి దక్కన్‌కి వచ్చారు. సుల్తాన్ ఫిరోజ్ షా బహమనీ కాలంలో గుల్బర్గాలో స్థిరపడి, 1422లో కన్నుమూశారు. అన్ని మతాలవాళ్లూ వచ్చే చోటు ఇది. తల మీద రుమాలు, పూర్తి బట్టలు ఉండాలి. లోపలి నియమాలు అక్కడివాళ్లు చెప్పినట్టు పాటించాలి. చెప్పులు విడిచాక సాయంత్రం కూడా బండలు కాలుతుంటాయి, సంచిలో ఒక జత సాక్సులు పెట్టుకుంటే పనికొస్తాయి.

దర్గాకి దగ్గర్లోనే హఫ్త్ గుంబద్. బహమనీ సుల్తాన్ల సమాధులు. వాటిలో పెద్దది ఫిరోజ్ షాది. ఆయన కూడా 1422లోనే చనిపోయాడు. సుల్తాన్ సమాధి దగ్గర సందడి ఉండదు, ఖ్వాజా దర్గా దగ్గర ఆరు వందల ఏళ్లుగా జనం తగ్గలేదు. రెండూ ఒకే సాయంత్రం చూస్తే ఆ తేడా తెలుస్తుంది. వెలుతురు ఉండగా హఫ్త్ గుంబద్, మగ్రిబ్ వేళకి దర్గా అని పెట్టుకోవడం సులువు.

తారీఖు చూసుకోవాలి. దర్గాలో గురువారం సాయంత్రం రద్దీ. ఉర్సు జిల్ ఖాదా నెల మధ్యలో వస్తుంది. చాంద్ లెక్కన ఏటా పది పదకొండు రోజులు ముందుకు జరుగుతూ ఈమధ్య మే నెలలో పడుతోంది. ఉర్సు చూడాలనుకునేవాళ్లు గది ముందే మాట్లాడుకోవాలి. ప్రశాంతంగా తిరగాలనుకునేవాళ్లు ఆ వారం వదిలేయాలి.

రెండో రోజు: పక్క ఊళ్లలో ఒకటే

సైడ్ ట్రిప్‌లు చాలా ఉన్నాయి. ఎండాకాలంలో ఒకటి చాలు. ఇద్దరూ కలిసి కిందివాటిలో ఏదో ఒకటి ఎంచుకోవాలి.

మల్‌ఖేడ్: ఇంటికి వచ్చే దారిలోనే ఉంది కాబట్టి అన్నిటికంటే సులువు. కలబురగి నుంచి సేడం పోయే కేకేఆర్‌టీసీ బస్సు ఈ ఊరి మీదుగానే పోతుంది. దూరం 40 కిలోమీటర్ల దాకా. ఇది పాత మాన్యఖేటం, రాష్ట్రకూటుల రాజధాని. తొమ్మిదో శతాబ్దంలో అమోఘవర్షుడు ఇక్కడి నుంచే ఏలాడు. 851 నాటి అరబ్బు రచనలో సులేమాన్ అనే వ్యాపారి పేరుతో ఉన్న వివరాల్లో ‘బల్హరా’ అనే రాజును లోకంలోని నలుగురు పెద్ద రాజుల్లో ఒకడిగా లెక్కించారు. ఆ బల్హరా రాష్ట్రకూట రాజే. అంత పేరున్న రాజధానిలో ఇప్పుడు మిగిలింది కాగ్నా ఒడ్డున కోట గోడలు, కొన్ని పాత గుడులు, జైన బసది. పొద్దున మొదటి బస్సుకి పోయి, తొమ్మిదిన్నరకల్లా ముగించి, సేడం చేరి అక్కడ తాండూరు రైలో బస్సో ఎక్కొచ్చు. మల్‌ఖేడ్ రోడ్ స్టేషన్‌లో అన్ని రైళ్లూ ఆగవు. దాన్ని నమ్ముకోవద్దు.

గానుగాపూర్: దత్తాత్రేయ క్షేత్రం. భీమా, అమరజా నదుల సంగమం దగ్గర ఉంది. తెలుగువాళ్లు బాగా పోతారు. రైల్వే స్టేషన్ ఊరికి దూరం, కలబురగి నుంచి బస్సే నయం. గురువారం, పౌర్ణమి రోజుల్లో రద్దీ. సంగమంలో లోతు తెలియకుండా దిగొద్దు.

సన్నతి: భీమా ఒడ్డున బౌద్ధ స్థలం. పక్కనే కనగనహళ్లి తవ్వకాల్లో అశోకుడి పేరు చెక్కిన శిల్పం దొరికింది. చాలా విలువైన చోటే కానీ అంతా ఆరుబయలు, సొంత బండి లేకుండా పోవడం కష్టం. దీన్ని చలికాలానికి ఉంచుకోవడం మేలు.

ఒక్క రోజే సెలవు ఉంటే

కలబురగి దాకా పోలేనివాళ్లకి వికారాబాద్ ఉంది. తాండూరు నుంచి రైల్లో వికారాబాద్, అక్కడి నుంచి దగ్గర్లోనే అనంతగిరి కొండలు. అనంతపద్మనాభస్వామి గుడి, అడవి, మూసీ పుట్టిన చోటు అక్కడే. మే నెలలో అక్కడ నీళ్లు వెతుక్కోవాల్సిందే. అసలు అందం వానలు పడ్డాక. కోట్‌పల్లి, సర్పన్‌పల్లి జలాశయాల్లో ఈత రాకుండా దిగడం, లైఫ్ జాకెట్ లేకుండా పడవ ఎక్కడం ప్రాణం మీదికి తెస్తాయి. ఒకడు మునుగుతుంటే ఈత రాని దోస్తు కాపాడబోయి ఇద్దరూ పోయిన వార్తలు ప్రతి వేసవిలో ఎక్కడో ఒకచోట వస్తూనే ఉంటాయి. దూకొద్దు. తాడు, కర్ర, దుపట్టా ఏది దొరికితే అది విసరాలి, కేకలేసి మనుషుల్ని పిలవాలి.

డబ్బు లెక్క

దోస్తీలో గొడవ పెట్టేది పెద్ద ఖర్చు కాదు, ఎవరు ఇచ్చారో మర్చిపోయిన చిన్న ఖర్చే. దీనికి పాత పద్ధతే మంచిది. ఇద్దరూ సమానంగా ఒకే చోట వేసి, ఖర్చు ఒకరి చేత్తో జరగాలి, లెక్క ఇంకొకరు రాయాలి. ఉదాహరణకి తలా 1,500 వేస్తే 3,000. అందులో 600 పక్కన పెట్టి ముట్టుకోవద్దు. అది రైలు తప్పితే బస్సుకి, ఒంట్లో బాగోలేకపోతే మందులకి. మిగిలిన 2,400లో ముందు గది, రానుపోను టికెట్లు తీసేసి, ఉన్నదాన్ని రెండు రోజులకి భాగం చేయాలి. షాపింగ్ ఎవరి జేబు వాళ్లది. ఒకరి దగ్గర తక్కువ ఉంటే బయలుదేరకముందే చెప్పుకోవాలి. గది తగ్గించుకోవచ్చు, రోజు తగ్గించుకోవచ్చు, దోస్తు అప్పుల్లో పడాల్సిన అవసరం లేదు.

గదికి ఇద్దరి ఒరిజినల్ ఆధార్ కావాలి. ఫోన్ చార్జింగ్ అయిపోతే యూపీఐ కూడా ఆగిపోతుంది. కొంత నగదు ఇద్దరి దగ్గరా విడివిడిగా ఉండాలి.

ఎండ దెబ్బ గుర్తులు

మధ్యాహ్నం 12 నుంచి 3 దాకా బయట తిరగొద్దని వాతావరణ శాఖ, విపత్తు నిర్వహణ సంస్థ ఏటా చెప్పే మాట. దాహం వేయకముందే నీళ్లు తాగాలి. మజ్జిగ, అంబలి, ఓఆర్ఎస్ మంచివి. తలనొప్పి, వాంతి వచ్చినట్టుండటం, కాళ్లు పట్టేయడం మొదటి గుర్తులు. అప్పుడే నీడకి చేరి ఆ పూట తిరుగుడు ఆపేయాలి. ఒళ్లు కాలిపోతూ మాట తడబడినా, పొంతన లేకుండా మాట్లాడినా అది వడదెబ్బ. ఒంటి మీద నీళ్లు పోసి, గాలి విసురుతూ వెంటనే 108కి ఫోన్ చేయాలి. ఈ నంబర్ రెండు రాష్ట్రాల్లోనూ పనిచేస్తుంది. స్పృహ లేనివాళ్ల నోట్లో నీళ్లు పోయొద్దు.

వడదెబ్బ తగిలినవాడికి తన పరిస్థితి తనకి తెలియదు, పక్కవాడే గమనించాలి. వేసవిలో ఒంటరిగా కాకుండా ఇద్దరు పోవడంలో ఉన్న అసలు లాభం ఇదే.

బయలుదేరేముందు

ఇంట్లో రైలు పేరు, ఉండే చోటు, తిరిగొచ్చే రోజు రాసి ఇవ్వాలి. సంచిలో ఆధార్, నీళ్ల సీసా, ఓఆర్ఎస్ ప్యాకెట్లు, రుమాలు, సాక్సులు, చార్జర్ ఉంటే చాలు. భాషకి భయం అక్కర్లేదు. కలబురగి బజారులో దక్కనీ ఉర్దూ నడుస్తుంది, తాండూరు చెవికి కన్నడ కొత్త కాదు. రెండో రోజు వెలుతురు ఉండగానే తాండూరులో దిగేట్టు రైలు చూసుకోవాలి. రాత్రి పొద్దుపోయాక కరణ్‌కోటకి ఆటో దొరకడం, దొరికినా రేటు కుదరడం రెండూ కష్టమే.