సంకల్పం – అనుజ్ఞ

1893 ఫిబ్రవరి 13న, మన మెతుకుసీమకు చేరువలోని సికింద్రాబాద్‌లో, మహబూబ్ కళాశాలయందు శ్రీ వివేకానందస్వామి తమ పాశ్చాత్యయాత్రా లక్ష్యాన్ని గూర్చి ప్రసంగించారు. సంకల్పం బహిరంగమైంది, అంతరంగంలో సందేహం మాత్రం తీరలేదు.

అంతకుముందే మదరాసు శిష్యులు సేకరించిన ధనాన్ని దరిద్రులకు పంచమన్నారాయన. ఈ ప్రయాణం జగన్మాత ఇచ్ఛయా, తన అభిలాషయా? ఇదే ఆయన విచారం. అళసింగ పెరుమాళ్ విడువలేదు. ఇంటింటికీ తిరిగి యాచించి మరల ధనం కూర్చాడు.

తుదకు స్వప్నంలో శ్రీరామకృష్ణుల సంకేతం, పిమ్మట శారదామాత ఆశీర్వచనం లభించాయి. మే 31న స్వామి బొంబాయిలో నౌక నెక్కారు. సెప్టెంబరు 11న చికాగో సర్వమత మహాసభలో నిలిచారు.

మాట నిలుపుకొమ్మని శిష్యులు నిర్బంధించడం ధర్మమే. అందులో అహంకారలేశమున్నదేమోనని గురువు శోధించుకోవడమూ ధర్మమే. పురుషప్రయత్నానికి దైవానుజ్ఞ తోడైనప్పుడే కార్యం సిద్ధిస్తుంది.